కూలికి బహుమానమని పేరు

పోయిన వేసవిలో కోడుమూరులో ఒక చిన్న గోష్ఠి జరిగింది. ఒక మిత్రుని మిద్దెమీద ముప్ఫైమందిమి కూర్చున్నాం. ఎక్కువమంది ఉపాధ్యాయులు, కర్నూలునుంచి వచ్చిన విద్యార్థులు ఓ పదిమంది. ఆరోగ్య పరిశోధనలో పిహెచ్.డి. చేసే పిల్లలకిచ్చే ఫెలోషిప్పుల గురించి నన్ను మాట్లాడమన్నారు. డిగ్రీ కాలేజీల్లో ముప్ఫయ్యేళ్లు జంతుశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి గనక ఆ విషయం నాకు తెలిసివుంటుందని వాళ్ల నమ్మకం. నలభై నిమిషాలు అంకెలు చదివాను. నేను కూర్చోగానే మా పెద్దాయన ఒకరు లేచారు.

"ఏం సారూ, నువ్వు చెప్పిందంతా నిజమే అనుకుందాం. ఎండాకాలం వస్తే మన పల్లెల్లో కొళాయికాడ బిందెలు పట్టుకోని ఆడోళ్లు కొట్లాడుకుంటాండారు. వచ్చే నీళ్లు గూడా తాగేదానికి పనికిరావు. మనం నీళ్లు అడగల్లనా, నీళ్లమీద థీసిస్ రాసేటోళ్లకు జీతం అడగల్లనా?"

చప్పట్లు పడ్డాయి. నేనేదో గొణిగాను. ఆ గొణుగుడు జవాబు కాదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఆయన బంజరు భూముల కోసం జైలుకు పోయివచ్చిన మనిషి. అట్లాంటి మనిషి అడిగిన ప్రశ్నను చదువుకున్నవాడి చిరునవ్వుతో దాటెయ్యటం అన్యాయం. పైగా ఆ అభిప్రాయం ఆయన ఒక్కరిదే కాదు. అభ్యుదయవాదులమని చెప్పుకునే మనలో చాలామందికి పరిశోధక విద్యార్థి అంటే ఎ.సి. గదిలో కూర్చున్న మధ్యతరగతి మనిషి. అతని కష్టం మన ఎజెండాలోకి రాదు. ఈ అభిప్రాయం తప్పు అనీ, తప్పు మాత్రమే కాక మనకు నష్టం అనీ నా వాదం. ఆ మిద్దెమీద చెప్పలేకపోయింది ఇక్కడ చెప్తాను.

మొదట పేరు సంగతి చూద్దాం. ఎంపికైన పిల్లకు వచ్చే కాగితంలో ఫెలోషిప్పు "అవార్డు చెయ్యబడింది" అని వుంటుంది. అవార్డు అంటే బహుమానం. బహుమానం ఇచ్చేవాడి దయ. ఇవ్వటం అతని ఇష్టం, ఆలస్యం చెయ్యటం అతని ఇష్టం, ఆపెయ్యటం కూడా అతని ఇష్టమే. పుచ్చుకునేవాడికి మిగిలేది దణ్ణం పెట్టటం. మరి ఆ పిల్ల ఏం చేస్తుంది? పొద్దున తొమ్మిదికల్లా లాబొరేటరీకి పోతుంది. రక్తం నమూనాలు సేకరిస్తుంది, యంత్రాల ముందు గంటల తరబడి నిలబడుతుంది, ఎలకల బోనులు కడుగుతుంది, గైడు ప్రాజెక్టుకు పట్టికలు వేసిపెడుతుంది, ఎం.ఎస్‌సి. పిల్లలకు ప్రాక్టికల్సు చెప్తుంది. హాస్టలు చేరేసరికి రాత్రి పది. ఆదివారం లేదు, ప్రావిడెంటు ఫండు లేదు. దీన్ని ఏ వూళ్లోనైనా పని అంటారు. పనికిచ్చేదాన్ని కూలి అనో జీతం అనో అంటారు. కూలికి బహుమానమని పేరు పెట్టటం కొత్త విద్యేమీ కాదు. ఏడాది జీతం బాకీపెట్టి, వుగాదినాడు జీతగానికి ధోవతి పెట్టి దణ్ణం పెట్టించుకునే రెడ్లనూ కరణాలనూ మన తాతలు చూశారు.

ఇక ఆ బహుమానం ఎంత? కేంద్రప్రభుత్వం ఇచ్చే జూనియర్ రీసెర్చి ఫెలోషిప్పు 2010లో నెలకు 16,000 రూపాయలు. 2014 చివర 25,000 అయింది. తరవాత నాలుగేళ్లకు పైగా కదల్లేదు. 2018 చివరినుంచి దేశమంతా పరిశోధక విద్యార్థులు లాబొరేటరీలు వదిలి వీధుల్లోకి వచ్చారు. 2019 జనవరిలో ఢిల్లీలో వూరేగింపు తీశారు. ఆ నెలాఖరుకు 31,000 చేశారు. మళ్లీ నాలుగేళ్ల నిశ్శబ్దం. 2023లో 37,000 అయింది. రెండేళ్లు నిండి, కమిటీ తృప్తిపడితే సీనియరు హోదాలో 42,000. ఇంటి అద్దె అలవెన్సు వేరే వుంటుంది. ఈ అంకెలు చూసి "తక్కువేం కాదే" అనే మిత్రులున్నారు. వాళ్లకు ఒక మాట. ఉపాధ్యాయులమైన మనకు ఏడాదికి రెండుసార్లు కరువు భత్యం లెక్క కడతారు. అది ఆలస్యమైతే మనం ధర్నా చేస్తాం, చెయ్యాలి కూడా. పరిశోధక విద్యార్థికి కరువు భత్యమన్న మాటే లేదు. బియ్యం ధర పెరిగిన సంగతి అతనికి వీధిలోకి వచ్చి అరిస్తేగాని సర్కారు చెవిన పడదు.

ఇదంతా శిఖరంమీద వున్నవాళ్ల కథ. ఆ శిఖరంమీద ఎంత చోటు వుందో చూడండి. ఐసిఎంఆర్ అని మనం పిలిచే భారత వైద్య పరిశోధనమండలి 1911లో మరో పేరుతో పుట్టింది, 1949లో ఇప్పటి పేరు పెట్టుకుంది. అంత పాత సంస్థ. దాని జాతీయ పరీక్ష ప్రకటనల్లో ఏళ్ల తరబడి మనం చదివిన అంకె 150. దేశం మొత్తానికి ఏటా 150 ఫెలోషిప్పులు. అందులో 120 జీవశాస్త్రాలకు, 30 సాంఘికశాస్త్రాలకు. రోగం కణంలో ఎట్లా పుడుతుందో చూసేవాళ్లు నలుగురైతే, అది వాడలో ఎట్లా పుడుతుందో చూసేవాడు ఒక్కడు. ఈ నిష్పత్తి ఎవరో గుమాస్తా పొరపాటున వేసింది కాదు. రోగాన్ని మనిషి ఒంట్లోనే వెతకాలి, అతని కూలిరేటులోనూ తాగేనీటిలోనూ వెతక్కూడదు అనే దృష్టికి అది అంకెల రూపం.

జాతీయ పరీక్ష గట్టెక్కనివాళ్ల సంగతి? కేంద్ర విశ్వవిద్యాలయాల్లో వున్నవాళ్లకు 2012లో నెలకు 8,000 ఖరారు చేశారు. 2015 అక్టోబరులో దాన్నీ ఎత్తేద్దామని చూస్తే విద్యార్థులు ఢిల్లీలో యుజిసి కార్యాలయం ముందు చలిలో బైఠాయించి నిలబెట్టుకున్నారు. నిలబెట్టుకున్నారుగాని పెంచుకోలేకపోయారు, పదేళ్లు గడిచినా అది 8,000 దగ్గరే వుండిపోయింది. రోజుకు 266 రూపాయలు. 2024-25లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ దినకూలి 300. అయినా ఇది కేంద్ర విశ్వవిద్యాలయాల మాట. మన పిల్లలు చేరేది కర్నూలులో 2008లో పెట్టిన రాయలసీమ విశ్వవిద్యాలయంలో, కడపలో 2006లో పెట్టిన యోగి వేమన విశ్వవిద్యాలయంలో. అవి రాష్ట్రానివి. ఆ 8,000 వాటికి వర్తించదు. జాతీయ పరీక్షలో నెగ్గని పిల్ల కర్నూలులో పిహెచ్.డి.లో చేరితే ఆమెకు ఎదురు ఫీజు తప్ప నెలకు రావలసిందేమీ లేదు. అంటే తిండి గడిచే ఇంటినుంచి వచ్చినవాళ్లకే పరిశోధన. తిండి గడవనివాళ్లకు పరిశోధన వద్దని ఏ చట్టంలోనూ రాయలేదు. రాయాల్సిన అవసరం లేకుండా చేశారు.

నా శిష్యురాలి సంగతి చెప్తాను. పేరెందుకు, ఆమె ఇంకా ఈ వూళ్లోనే బతకాలి. గద్వాల చీరలు నేసే మగ్గం ఇల్లు వాళ్లది. తండ్రి మగ్గంగుంటలో, తల్లి కండెలు చుడుతూ. నా దగ్గర బి.ఎస్‌సి. చదివి, బయోకెమిస్ట్రీలో ఎం.ఎస్‌సి. చేసింది. పరీక్షకు రెండుసార్లు రాత్రి బస్సులో హైదరాబాదు పోయివచ్చింది, రెండోసారి నెగ్గింది. ఒక పెద్ద నగరంలో పేరున్న సంస్థలో 2020లో చేరింది. ఆమె ఎంచుకున్న విషయం ఇది: హంద్రీ ఇరుపక్కలా వున్న పన్నెండు వూళ్లలో తాగేనీటిలో ఫ్లోరైడు ఎంత, ఆ వూళ్ల ఆడవాళ్ల రక్తహీనతకూ దానికీ సంబంధం వుందా. గైడుకు ఇది నచ్చలేదు. తన ప్రాజెక్టులో ఇమిడే విషయం తీసుకోమన్నాడు. ఆమె పట్టుబట్టింది. "సరే, నీ ఖర్మ" అని సంతకం పెట్టాడట.

మొదటి డబ్బు చేరిన ఏడో నెలకు వచ్చింది. ఎందుకు ఆలస్యమని అడిగితే తెలిసిన యంత్రాంగం ఇది. డబ్బు విద్యార్థికి నేరుగా రాదు, సంస్థకు వస్తుంది. మార్చితో లెక్కలు మూస్తారు. పోయిన ఏడాది ఎంత ఖర్చయిందో సంస్థ పద్దు తయారుచేసి, వినియోగపత్రం జతచేసి పంపితేగాని తరవాతి విడత కదలదు. ఆ పత్రంమీద గైడు సంతకం, అకౌంట్సు అధికారి సంతకం, సంస్థ అధిపతి సంతకం కావాలి. ముగ్గురిలో ఒకరు సెలవుమీద పోతే ఒక నెల. పత్రంలో ఒక అంకె తప్పితే వెనక్కి తిరిగివచ్చేందుకు రెండు నెలలు. రెండో ఏడు ఇట్లాగే తొమ్మిది నెలలు ఆగింది. అధికారికి జీతం ఆగదు, గైడుకు ఆగదు, ఫైలు మోసే బంట్రోతుకు కూడా ఆగదు. ఆ ఫైలు ఎవరికోసం పుట్టిందో ఆమెకు ఒక్కదానికే ఆగుతుంది. మెస్సు బాకీ పెరిగింది. పల్లెలు తిరగటానికి బస్సుచార్జీలు కూడా ఏడాదికి 20,000 కంటింజెన్సీలోంచే రావాలి, అదీ ముందు ఖర్చుపెట్టి రసీదు చూపితే. బొబ్బిలివాడి రసీదు ఏ ఆటోవాడిస్తాడు? ఆ తొమ్మిది నెలల్లో తండ్రి షావుకారు దగ్గర నూలుమీద అప్పు రాశాడు. తల్లి నాతో అన్న మాట ఇది: "సర్కారు జీతమొస్తాందని అందరికీ చెప్పుకుంటిమి సార్. ఇప్పుడు మేమే నెలనెలా పంపియ్యబట్టె."

నాలుగో ఏడు ఆమె వెనక్కి వచ్చేసింది. ఇప్పుడు ఒక ప్రైవేటు బడిలో ఎనిమిదో తరగతికి సైన్సు చెప్తోంది. సంస్థవాళ్ల రికార్డులో ఆమెను "మధ్యలో మానేసిన విద్యార్థి" అంటారు. మానేసింది ఎవరు, ఆమెనా?

ఇక పెద్దాయన ప్రశ్న. నీళ్లా, థీసిసా?

నీళ్లే. అందులో నాకు అనుమానం లేదు. కాని ఏ నీళ్లు? కొళాయిలో వచ్చేదంతా నీళ్లేనా? ఫ్లోరైడుకు రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదమని ప్రపంచ ఆరోగ్యసంస్థ గీత గీసింది. ఆ గీతకు ఇవతలివున్నామో అవతలివున్నామో నాలుకకు తెలియదు. పళ్లమీద గోధుమరంగు చారలు పడ్డాక, మోకాళ్లు వంకరపోయాక, నడుము బిగుసుకున్నాక తెలుస్తుంది. అప్పుడు తెలిసి ఏం లాభం? మనదేశంలో ఈ రోగాన్ని మొదట శాస్త్రీయంగా వర్ణించింది మన తెలుగునేలమీదే. 1937లో పాత నెల్లూరు జిల్లా పల్లెలను చూసి, మద్రాసు ప్రెసిడెన్సీలో ఫ్లోరోసిస్ వుందని షార్ట్, పండిట్, రాఘవాచారి ప్రకటించారు. అంతకు ముందే అక్కడి రైతులు తమ ఎద్దులు కాళ్లు బిగుసుకుపోయి దున్నలేకపోవటం గమనించారంటారు. గమనించారు, అయితే దేవత కోపమనుకోవటానికీ, నీటిలో లోపమనటానికీ మధ్య ఒక కొలత కావాలి. 1973లో నల్లగొండ పిల్లల వంకర మోకాళ్ల గురించి హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థనుంచి కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి రాసిన తరవాత ఆ పిల్లల మాట డాక్టర్ల ప్రపంచంలో నిలబడింది. నల్లగొండలో తరవాత జరిగిన నీటి పోరాటాలన్నింటికీ చేతిలో ఒక కాగితం వుంది. ఇంజనీరు "ఈ వూళ్లో ఏ ఇబ్బందీ లేద"న్నప్పుడు వుందని చూపించే కాగితం అది. పెద్దాయన కాగితాన్ని తక్కువచేసి మాట్లాడారు. భూమి పోరాటంలో ఆయన అడంగలు నకళ్లకోసం తాలూకా ఆఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరిగారో నేను ఎరుగుదును. అడంగలు భూమికి సాక్ష్యమైతే, ఆ పిల్ల పట్టిక నీటికి సాక్ష్యం.

ఇక్కడ మరో కథ చెప్పాలి. ఇప్పుడు జాతీయ పోషకాహార సంస్థ అంటున్నది 1918లో కూనూరులో మెక్‌కారిసన్ అనే సైనిక వైద్యుడు పెట్టిన చిన్న విభాగం. 1958లో హైదరాబాదుకు వచ్చింది. 1960లో అక్కడి గోపాలన్, శ్రీకంఠయ్య జొన్న తినేవాళ్లకు పెల్లాగ్రా ఎందుకొస్తున్నదో పరిశీలించి, జొన్నలోని ల్యూసిన్ అనే పదార్థం ఎక్కువకావటం కారణమని ప్రతిపాదించారు. ఆ సిద్ధాంతాన్ని తరవాత కొందరు ఒప్పుకున్నారు, కొందరు కాదన్నారు. అది శాస్త్రంలో మామూలే. నాకు ఆసక్తి కలిగించే విషయం వేరు. జొన్నసంకటి తిని బతికిన దక్కను పేదవాడి చర్మం, నాలుక, మతి మీద ఆ పరిశోధన జరిగింది. గొప్ప పరిశోధన, కాదనను. మన సంకటి లాబొరేటరీకి పోయింది. మన పిల్లలు ఎందరు పోయారు?

పేదవాడి ఒళ్లు పరిశోధనకు ఎప్పుడూ పనికివస్తూనే వుంది. 2009లో ఖమ్మం జిల్లాలో పాత్ అనే అమెరికన్ సంస్థ, మన ఐసిఎంఆర్ సహకారంతో, పది పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సరు రాకుండా టీకా వేసే అధ్యయనం మొదలుపెట్టింది. చాలామంది గిరిజనుల పిల్లలు, హాస్టళ్లలో వుండేవాళ్లు. కొన్ని మరణాలు జరిగి గొడవయ్యాక 2010 ఏప్రిలులో ఆపారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణ సంఘం అంది. ఆ మాట నేను ఒప్పుకుంటాను. టీకాలకు వ్యతిరేకంగా మాట్లాడేవాళ్ల పక్కన నన్ను నిలబెట్టవద్దు. కాని అనుమతి పత్రాలు? తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకాలు రెండువేలకు పైగా ఫారాలమీద హాస్టలు వార్డెన్లు పెట్టారని 2013లో పార్లమెంటు స్థాయీసంఘం నివేదిక బయటపెట్టింది. ఆ సూది పట్టుకున్నవాళ్లలో, ఆ ఫారం రాసినవాళ్లలో ఒక్క కోయ పిల్ల పరిశోధకురాలిగా వుంటే "మా అమ్మను అడగకుండా ఎట్లా వేస్తారు" అని అడిగివుండేదని నేనంటే అతిశయోక్తి అవుతుందా? ఆ గదిలో ఎవరు కూర్చుంటారనేదే ఫెలోషిప్పు ప్రశ్న. ఒంటిని ఇచ్చేవాళ్లు ఒక కులంనుంచీ, ఒంటిని కొలిచేవాళ్లు మరో కులంనుంచీ వచ్చినంతకాలం, కొలత ఎంత నిక్కచ్చిగా వున్నా అనుమతి ఫారం మాత్రం దొంగదిగానే వుంటుంది.

ఇట్లా అన్నప్పుడల్లా రెండోవైపునుంచి ఒక పేరు నా ముఖాన కొడతారు. యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టిన పేదపిల్లవాడు హార్వర్డుకు పోయి ఇంత పనిచేశాడు, ఆయనకు ఏ సర్కారు ఫెలోషిప్పు ఇచ్చింది, పట్టుదల వుంటే చాలదా అని. చాలదు. కథ మొత్తం చదవండి. ఆయన ప్రయాణానికి డబ్బు మామగారు కూడబెట్టారు. కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి సాయం చేస్తామంది. బోస్టను చేరాక ఆ డబ్బు చాలక, మద్రాసులో వైద్యం చదివిన ఆ మనిషి ఆస్పత్రిలో రాత్రి కూలీగా రోగుల మలమూత్రపాత్రలు కడిగాడు. పొద్దున లాబొరేటరీ, రాత్రి ఆస్పత్రి. 1930లో పిహెచ్.డి. వచ్చింది. ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి, కండరంలోని శక్తిపదార్థాలు, తరవాత లెడర్లీ కంపెనీలో ఫోలిక్ ఆమ్లం, బోదకాలు మందు హెట్రజాన్. 1948లో చనిపోయాడు. ఇక్కడ వదిలిపోయిన భార్యను మళ్లీ చూడలేదు. ఇది పట్టుదలకు ఉదాహరణ అంటే నేను నమస్కారం పెడతాను. పద్ధతికి ఉదాహరణ అంటే మాత్రం అడుగుతాను: మామగారికి స్తోమతు లేని సుబ్బారావులు ఎందరు భీమవరంలోనే ఆగిపోయారు? మన సమాజంలో మామగారు కూడా ఒక ఫెలోషిప్పు సంస్థే. దాని అర్హతలు అందరికీ తెలుసు: కులం, మగపుట్టుక, కట్నం. నా శిష్యురాలు ఆ సంస్థకు దరఖాస్తు పెట్టుకోలేదు.

పట్టుదల గురించి ఉపన్యసించేవాళ్లు 2016 జనవరి 17ను గుర్తుచేసుకోవాలి. జీవశాస్త్రంలో మొదలుపెట్టి సమాజశాస్త్రం వైపు వచ్చిన గుంటూరు కుర్రవాడు రోహిత్ వేముల, హైదరాబాదు విశ్వవిద్యాలయంలో రాసిపెట్టిపోయిన చివరి ఉత్తరంలో లెక్క కూడా చెప్పాడు: ఏడు నెలల ఫెలోషిప్పు, 1,75,000 రూపాయలు రావాలి, అది మా ఇంటివాళ్లకు చేర్చండి అని. కాగితాల జాప్యమని విశ్వవిద్యాలయం అంది. చనిపోబోయే మనిషి రాజకీయం రాశాడు, నక్షత్రాల గురించి రాశాడు, బాకీ కూడా రాశాడు. ఆ బాకీ పద్దు చదివి కూడా ఇది మధ్యతరగతి సమస్య అనగలిగినవాళ్లతో నాకు వాదం లేదు.

ఇచ్చే చెయ్యి తీసుకోవటం కూడా నేర్చింది. మైనారిటీ పరిశోధక విద్యార్థులకిచ్చే మౌలానా ఆజాద్ ఫెలోషిప్పును 2022 డిసెంబరులో ఆపేశామని పార్లమెంటులో చెప్పారు. ఇతర పథకాలతో కలిసిపోతున్నదట, అది కారణం. 2025లో అమెరికాలో ఎన్.ఐ.హెచ్. వెనకబడిన వర్గాలనుంచి వచ్చే పిహెచ్.డి. పిల్లల ఫెలోషిప్పులు పలువురివి మధ్యలోనే రద్దుచేసింది. రెండు దేశాల మధ్య ఇంత సముద్రం వుంది. బహుమానం అన్న మాటకు అర్థం మాత్రం రెండుచోట్లా ఒకటే.

ఇప్పుడు మన సంగతి. సర్కారును తిట్టటం తేలిక, పైగా ఈ పత్రికలో అలవాటు కూడా. ఈ పత్రిక చదివేవాళ్లలో సగంమంది అధ్యాపకులు. గైడులు. రైతుబజారునుంచి కూరలు తెప్పించుకున్న గైడులెవరో, పిల్లల్ని బడినుంచి స్కూటరుమీద తీసుకురమ్మన్న గైడులెవరో, తమ పేరు ముందుంటేగాని వ్యాసం పంపనివ్వని గైడులెవరో మనకు తెలియదా? వాళ్లందరూ మితవాదులేనా? హాజరు పత్రంమీద నెలనెలా పెట్టే ఒక్క సంతకం ఒక మనిషి తిండిని శాసిస్తుంటే, ఆ సంతకం పెట్టేవాడు ఎన్ని ఎర్రపుస్తకాలు చదివినా కొంచెం కొంచెంగా దొర అవుతాడు. నేను అధ్యాపక సంఘంలో పదిహేనేళ్లు పనిచేశాను. యుజిసి స్కేళ్లకోసం సమ్మెలు చేశాం. కోర్కెల పత్రాలు నేనే రాసేవాణ్ణి, నా దస్తూరి బాగుంటుందని. ఇరవై కోర్కెలుండేవి. పరిశోధక విద్యార్థి ఫెలోషిప్పు ఇరవై ఒకటోది కూడా కాలేదు. ఇది నా మీద నేను చేసుకుంటున్న ఆరోపణ, కావలసినవాళ్లు పంచుకోవచ్చు.

డబ్బు ఎవరిస్తే విషయం వాళ్లదే అనే చిక్కు ఒకటి మిగిలివుంది. ప్రైవేటు కంపెనీలు, ధర్మనిధులు ఫెలోషిప్పులిస్తే సరిపోతుందని చెప్పే ఉదారవాదులు దీన్ని మరుగుపరుస్తారు. బేతంచెర్లలో నాపరాళ్లు కోసి నునుపుచేసే ఫ్యాక్టరీల్లో పనివాళ్లు పీల్చే దుమ్ము, కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం గని పక్క వూళ్ల నీళ్లు, హైబ్రీడు పత్తి చేలల్లో మందుకొట్టిన మర్నాడే పువ్వులు దాటించే ఆడపిల్లలు, ఏటా సుగ్గికి గుంటూరు మిరపకోతలకు పోయి డేరాల్లో కాపురముండే కుటుంబాల పిల్లల ఎదుగుదల: వీటిమీద ఎవరూ ఏమీ చెయ్యలేదని నేననను, చేసిన మంచివాళ్లున్నారు. కాని అమ్మదగ్గ మందు పుట్టని ప్రశ్నకు కంపెనీ ఎందుకు డబ్బిస్తుంది? పోతే ఆ ప్రశ్నలు అడిగేవాళ్లు ఆ వూళ్లలో పుట్టినవాళ్లే అయ్యుండాలనే నియమం లేదు. అయితే సుగ్గికి పోయివచ్చిన ఇంటి పిల్లకు ఆ ప్రశ్న తట్టటానికి గ్రంథాలయం అక్కర్లేదు.

సీమకు కాగితాలమీద వాగ్దానాలు కొత్త కాదు. నెల్లూరులో ఫ్లోరైడు బయటపడిన 1937లోనే, నవంబరు 16న, శ్రీబాగ్ ఒడంబడిక రాసుకున్నారు. విశ్వవిద్యాలయ కేంద్రం ఒకటి అనంతపురంలో పెడతామని అందులో వుంది. అనంతపురానికి విశ్వవిద్యాలయం 1981లో వచ్చింది. కర్నూలు మూడేళ్లు రాజధానిగా వుండి, 1956లో రాజధాని పోగొట్టుకున్న ఏడాదే వైద్య కళాశాల తెచ్చుకుంది. భవనాలు ఇచ్చారు. ఆ భవనాల్లో పరిశోధన చెయ్యటానికి వచ్చే పిల్ల నెలకు ఎట్లా బతకాలో ఎవరూ చెప్పలేదు.

కాబట్టి రాష్ట్ర విశ్వవిద్యాలయంలో పిహెచ్.డి.లో చేరిన ప్రతి పిల్లకూ, పరీక్ష నెగ్గినా నెగ్గకపోయినా, చేరిన నెలనుంచే జీతం కావాలని నేనడుగుతాను. అది కరువు భత్యంతో పెరగాలి. నెల మొదటివారంలో నేరుగా చేతికి రావాలి. సంస్థ లెక్కలు సంస్థ చూసుకోవాలి, వాటికి పిల్లల కడుపును తాకట్టుపెట్టకూడదు. గైడు సంతకం ఆపితే ఎందుకు ఆపాడో రాసి చూపించాలి. ఈ కోర్కెలు విప్లవమేమీ కాదు, ఒక్క మాటలో చెప్పాలంటే పాలేరుకున్నపాటి హక్కులు. అవి కూడా అధ్యాపక సంఘాల కోర్కెల పత్రంలో, విద్యార్థి సంఘాల కోర్కెల పత్రంలో, చివరికి పెద్దాయన నడిపే వ్యవసాయ కార్మిక సంఘం పత్రంలో కూడా వుండాలి. ఆ మూడోదే నాకు ముఖ్యం.

పెద్దాయన సంగతితో ఆపుతాను. గోష్ఠి జరిగిన రెండు నెలలకు ఆయన మా ఇంటికి వచ్చారు. పన్నెండు వూళ్ల తరఫున తాగునీటికోసం కలెక్టరు ఆఫీసుకు అర్జీ తీసుకుపోవాలట. పోయినసారి పోతే "ఏ బోరులో ఎంత వుందో లెక్క తీసుకురండి" అన్నారట. "ఆ పిల్లకాడ ఏమన్నా వుందేమో అడుగుతావా సారూ" అన్నారు. ఇద్దరం కలిసి వాళ్లింటికి పోయాం. మగ్గంగుంట పక్కన గూట్లో ప్లాస్టిక్ సీసాలు వరసగా పేర్చివున్నాయి. గాజుసీసాల్లో ఫ్లోరైడు నిలవదని ప్లాస్టిక్‌వి వాడిందట. మూడు వూళ్ల లెక్కలు పూర్తయ్యాయి, అవి కాగితంమీద రాసి ఇచ్చింది. తక్కిన తొమ్మిది వూళ్ల నీళ్లు డబ్బు ఆగిన ఏడాదివి. కొలవలేదు. ఇప్పుడు కొలిచినా పనికిరావని చెప్పింది. కొన్ని సీసాలమీద వూరిపేరు చెరిగిపోయింది. పెద్దాయన ఒక సీసా తీసి వెలుగులో పట్టుకుని చాలాసేపు చూశారు. అర్జీలో మూడు వూళ్లపేర్లే రాశాం.